మానవ వ్యాధుల్లో పి-53 జన్యువు పాత్ర



ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఖరిదా అనే పేట ఉంది. వందేళ్ళకు పైబడి అక్కడా, చుట్టుపక్కల మలంచా, మథురాకాటి, నింపురాల్లోనూ తెలుగు కుటుంబాలు నివసిస్తున్నాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను పెద్ద జంక్షన్‌గా మార్చి, ఆ తర్వాత వర్క్‌షాప్ కూడా పెట్టినప్పుడు, పని కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎందరో ఆ దారిన వెళ్ళారు. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల నుంచి వెళ్ళినవారు తమతో భాషను, అమ్మవారి పండుగలను, వంటలను తీసుకువెళ్ళారు. కొన్ని అలవాట్లను కూడా తీసుకువెళ్ళారు.

ఖరిదాలో ఒకసారి జన్యుశాస్త్రం గురించి మాట్లాడిన తర్వాత డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి లేచి ఇలా అడిగింది. "సార్, మా అమ్మమ్మ అంగిట్లో పుండు లేచి పోయింది. ఆవిడ అక్కకీ అదే జబ్బు. ఇది మా వంశంలో ఉన్న రోగం అంటారు ఇంట్లో. క్యాన్సర్ జన్యువుల వల్ల వస్తుందని మీరే చెప్పారు. అయితే మా అమ్మకీ, నాకూ కూడా వస్తుందా?"

"మీ అమ్మమ్మగారు చుట్ట కాల్చేవారా అమ్మా?" అని అడిగాను.

వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. "కాల్చేది సార్. అడ్డపొగ."

ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే. క్యాన్సర్ జన్యువుల్లో వచ్చే మార్పుల వల్లనే వస్తుంది. అయినా క్యాన్సర్లలో ఎక్కువ భాగం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించేవి కావు. ఈ రెండు మాటలూ నిజమే. వినగానే ఒకదానికొకటి అడ్డం వచ్చినట్టు అనిపిస్తాయి కాని, పి-53 అనే ఒక్క జన్యువును అర్థం చేసుకుంటే ఆ చిక్కు విడిపోతుంది.

కణంలో రెండు రకాల జన్యువులు

మన శరీరంలో సుమారు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. చర్మం, పేగు లోపలి పొర, నోటి లోపలి పొర వంటి చోట్ల పాత కణాలు రాలిపోతూ కొత్తవి పుడుతూ ఉంటాయి. కణం రెండుగా చీలే ముందు తనలోని డి.ఎన్.ఏ. మొత్తాన్ని నకలు రాసుకోవాలి. ఈ పనిని నడిపించే జన్యువులు కొన్ని ఉన్నాయి. అవి కణాన్ని విభజన వైపు తోస్తాయి. వాటిలో మార్పు వచ్చి ఎప్పుడూ పనిచేస్తూనే ఉండిపోతే వాటిని ఆంకోజీన్లు అంటారు. ఇంకొన్ని జన్యువులు విభజనను అదుపులో పెడతాయి. వీటిని కణితి నిరోధక జన్యువులు అంటారు. పాఠ్యపుస్తకాల్లో మొదటి రకాన్ని యాక్సిలరేటర్‌తోను, రెండో రకాన్ని బ్రేకుతోను పోలుస్తారు. పోలిక బాగానే ఉంది.

ఈ రెండో రకం గురించి ముందుగా స్పష్టంగా ఆలోచించినవాడు అమెరికా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ నడ్సన్. చిన్నపిల్లల కంటిపాపలో తెల్లని మెరుపుగా కనిపించే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ ఉంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఈ జబ్బుతో వచ్చే పిల్లలకు చికిత్స చేస్తారు. కొందరు పిల్లలకు రెండు కళ్ళలోనూ, చాలా చిన్న వయసులోనే ఎందుకు వస్తుంది, మరికొందరికి ఒక్క కంట్లోనే కాస్త ఆలస్యంగా ఎందుకు వస్తుంది అని నడ్సన్ లెక్కలు వేశాడు. మనకు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. కణితి పుట్టాలంటే ఒకే కణంలో రెండు ప్రతులూ చెడాలి అని 1971లో ఆయన ప్రతిపాదించాడు. పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్న బిడ్డకు ఇంకొక్క దెబ్బ చాలు. మిగతావారికి ఒకే కణంలో రెండు దెబ్బలు పడాలి, అది అరుదు. దీన్నే రెండు దెబ్బల సిద్ధాంతం అంటారు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. రెండో రకం పిల్లలకు వచ్చిన జబ్బు కూడా జన్యువు చెడటం వల్ల వచ్చిందే, కాని అది వంశం నుంచి వచ్చింది కాదు.

పొరపాటుగా పేరు పెట్టి, పొరపాటుగా ముద్ర వేసి

పి-53 కథ 1979లో మొదలైంది. ఎస్.వి.-40 అనే కోతి వైరస్ కణాలను క్యాన్సర్ కణాలుగా ఎలా మారుస్తుందో కొన్ని ప్రయోగశాలలు పరిశీలిస్తున్నాయి. వైరస్ ప్రోటీనును పట్టుకుని బయటకు లాగితే, దానితోపాటు కణానికి చెందిన మరొక ప్రోటీన్ అంటుకుని వస్తోంది. లండన్‌లో డేవిడ్ లేన్, లయనెల్ క్రాఫర్డ్, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవిన్, ఇంకా మరికొందరు ఆ ఏడాదే దీన్ని వేరువేరుగా గమనించారు. ప్రోటీన్లను బరువును బట్టి వేరుచేసే జెల్‌లో అది 53 వేల డాల్టన్ల దగ్గర నిలిచింది కాబట్టి పి-53 అన్నారు. నిజానికి 393 అమైనో ఆమ్లాలున్న ఈ ప్రోటీన్ అసలు బరువు 44 వేలకు కాస్త తక్కువే. దానిలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న భాగం వల్ల జెల్‌లో నెమ్మదిగా కదిలింది. ఆ పొరపాటు పేరే నిలిచిపోయింది.

ఇంకా పెద్ద పొరపాటు మరొకటి జరిగింది. క్యాన్సర్ కణాల్లో పి-53 చాలా ఎక్కువగా కనిపించేది, మామూలు కణాల్లో దాదాపు కనిపించేదే కాదు. దాని జన్యువును తీసి మరొక కణంలో పెడితే ఆ కణం క్యాన్సర్ వైపు మళ్ళేది. కనుక ఇది ఆంకోజీనే అని పదేళ్ళపాటు అందరూ నమ్మారు. వాళ్ళు ప్రయోగాల్లో వాడిన ప్రతులు అప్పటికే చెడిపోయిన ప్రతులని ఎవరికీ తట్టలేదు. 1989లో అమెరికాలో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం పెద్దపేగు క్యాన్సర్ కణాలను పరీక్షించింది. 17వ క్రోమోజోము పొట్టి భుజంలో, అంటే పి-53 ఉండే చోట, ఒక ప్రతి ఊడిపోయి ఉంది. మిగిలిన రెండో ప్రతిలో మార్పు ఉంది. నడ్సన్ చెప్పిన రెండు దెబ్బలే ఇవి. అదే సంవత్సరం లెవిన్ బృందం చెడని పి-53ను కణాల్లో పెట్టి చూస్తే అది కణితిని అణచింది. దోషి అనుకున్నది కాపలాదారు అని తేలింది. 1992లో లేన్ దీన్ని జన్యురాశికి కాపలాదారు అన్నాడు. 1993లో సైన్స్ పత్రిక పి-53ను ఆ ఏటి మేటి అణువుగా ప్రకటించింది.

నేను ఈ చరిత్రను కొంచెం విస్తరించి చెప్పడానికి కారణం ఉంది. పరీక్ష రాసేటప్పుడు కణితి నిరోధక జన్యువుల పట్టికను బట్టీ పట్టినవారికి, మంచివాళ్ళూ తెలివైనవాళ్ళూ అయిన శాస్త్రజ్ఞులు పదేళ్ళు తలకిందులుగా ఆలోచించారని తెలియదు.

యార్డులో టి.ఎక్స్.ఆర్.

ఖరిదా పిల్లలకు యాక్సిలరేటర్, బ్రేకుల కంటే దగ్గరి పోలిక వేరే ఉంది. గూడ్సు బండి యార్డు నుంచి బయలుదేరే ముందు టి.ఎక్స్.ఆర్. బండి పొడవునా నడుస్తూ చక్రాలు, స్ప్రింగులు, కప్లింగులు, బ్రేకులు చూస్తాడు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి వేరే పేర్లున్నా రైల్వే ఇళ్ళలో పాతవాళ్ళు టి.ఎక్స్.ఆర్. అనే అంటారు. ఆయన బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఇవ్వందే బండి కదలదు. ఏదైనా వ్యాగన్‌లో లోపం కనిపిస్తే ముందు బండి ఆపుతాడు. బాగుచేయదగ్గ లోపమైతే ఆ వ్యాగన్‌ను సిక్ అని రాసి సిక్ లైనుకు పంపుతారు. బాగుచేయడానికి వీలులేని స్థితికి చేరిన వ్యాగన్‌ను కండెమ్ చేసి తుక్కుకు వేస్తారు.

పి-53 సరిగ్గా ఈ మూడు పనులూ చేస్తుంది. మామూలు రోజుల్లో దానికి పని తక్కువ. అందువల్ల కణం దాన్ని తయారుచేస్తూనే, ఎం.డి.ఎం.-2 అనే మరో ప్రోటీన్ ద్వారా ఎప్పటికప్పుడు నాశనం చేస్తూ ఉంటుంది. ఒక పి-53 అణువు ఆయుష్షు అరగంట కూడా ఉండదు. ఎక్స్-కిరణాలో, ఎండలోని అతినీలలోహిత కిరణాలో, పొగలోని రసాయనాలో డి.ఎన్.ఏ.ను దెబ్బతీసినప్పుడు కణంలోని కొన్ని ఎంజైములు పి-53కి ఫాస్ఫేటు ముక్కలు తగిలిస్తాయి. అప్పుడు ఎం.డి.ఎం.-2 దాన్ని పట్టుకోలేదు. పి-53 పోగవుతుంది. నాలుగేసి అణువులు ఒక జట్టుగా కూడి డి.ఎన్.ఏ. మీద కొన్ని నిర్ణీత స్థలాల్లో కూర్చుని అక్కడి జన్యువులను మేల్కొలుపుతాయి. వాటిలో పి-21 అనేది కణవిభజనను ఆపుతుంది, అంటే బండి ఆగింది. మరికొన్ని మరమ్మతుకు సాయపడతాయి, అదే సిక్ లైను. దెబ్బ మరీ పెద్దదైతే బ్యాక్స్, ప్యూమా వంటి జన్యువులు మేల్కొని ఆ కణం తనంతట తాను చచ్చిపోయేటట్టు చేస్తాయి. ఈ క్రమబద్ధమైన కణమరణాన్ని అపాప్టోసిస్ అంటారు.

పోలిక ఒకచోట తెగిపోతుందని కూడా చెప్పాలి. టి.ఎక్స్.ఆర్. సెలవు పెడితే ఇంకొకరు వస్తారు. పి-53 చేసే పనిని అంతే సమర్థంగా చేసే మరొకటి మన కణంలో లేదు. ఏనుగుల సంగతి వేరు. వాటి జన్యురాశిలో ఈ జన్యువుకు 20 దాకా అదనపు నకళ్ళున్నాయని 2015లో తెలిసింది. అంత పెద్ద శరీరం, అన్ని కణాలు, అంత ఆయుష్షు ఉన్నా వాటికి క్యాన్సర్ తక్కువగా రావడానికి ఇది ఒక కారణం కావచ్చని భావిస్తున్నారు.

మానవ క్యాన్సర్లన్నిటినీ కలిపి చూస్తే సుమారు సగంలో పి-53 జన్యువులో మార్పు కనిపిస్తుంది. మరే ఇతర జన్యువూ ఇన్ని రకాల క్యాన్సర్లలో ఇంత తరచుగా చెడదు. చాలా కణితి నిరోధక జన్యువుల్లో చెడటం అంటే ప్రోటీన్ తయారు కాకపోవడమే. పి-53లో మాత్రం ఎక్కువసార్లు ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. ప్రోటీన్ తయారవుతూనే ఉంటుంది, కాని డి.ఎన్.ఏ.ను పట్టుకోలేదు. పైగా అది మంచి అణువులతో కలిసి నలుగురి జట్టులో కూర్చుంటుంది. కణంలో సగం మంచివి, సగం చెడ్డవి ఉండి, యాదృచ్ఛికంగా నాలుగేసి కలిస్తే, నలుగురూ మంచివాళ్ళే ఉన్న జట్టు పదహారింటిలో ఒక్కటే ఉంటుంది. మీరే లెక్కవేసి చూడండి. అందుకే ఒక ప్రతి చెడినా రెండో ప్రతి పని కూడా చాలావరకు దెబ్బతింటుంది.

క్యాన్సర్ కణాల్లో పి-53 ఎందుకు ఎక్కువగా కనిపించేదో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఎం.డి.ఎం.-2 జన్యువును మేల్కొలిపేది పి-53యే. చెడిన పి-53 ఆ పని చేయలేదు. తనను నాశనం చేసేదాన్ని తానే తయారుచేయించలేక పేరుకుపోతుంది. నోటి పుండు నుంచి తీసిన ముక్కకు పాథాలజిస్టు రంగు వేసి చూసినప్పుడు కణకేంద్రకాలు వరుసగా ముదురు గోధుమరంగులో కనిపిస్తే, అక్కడ తనిఖీదారు ఉన్నాడు కాని కళ్ళు లేవని అర్థం.

అడ్డపొగ

ఇక శ్రీకాకుళం పల్లెకు వద్దాం. చుట్టను వెలిగించి, మండుతున్న కొనను నోటి లోపల పెట్టుకుని కాల్చడం అడ్డపొగ. ఉత్తరాంధ్ర తీరంలో ముఖ్యంగా స్త్రీలలో ఈ అలవాటు ఉండేది, ఇంకా కొందరిలో ఉంది. గాలికి నిప్పు ఆరదు. నీళ్ళలో పనిచేసేటప్పుడు తడవదు. చేతులు ఖాళీగా ఉంటాయి. చుట్ట చాలాసేపు వస్తుంది. ఎందుకలా కాలుస్తారని అడిగితే వచ్చే జవాబులు ఇవి. వింతగా చూసే ముందు, రోజంతా పొలంలోనో సముద్రపు ఒడ్డునో పనిచేసే మనిషికి ఇవి తెలివైన కారణాలేనని ఒప్పుకోవాలి.

మామూలుగా పొగ తాగేవారిలో గట్టి అంగిలి మీద క్యాన్సర్ రావడం ప్రపంచమంతటా అరుదు. విశాఖపట్నం ప్రాంతపు వైద్యులకు మాత్రం ఇది తరచుగా కనిపించేది. 1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్‌ను ఈ అలవాటుతో ముడిపెట్టి వ్యాసం ప్రచురించారు. తర్వాత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధకులు, డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు పరీక్షించారు. 1971లో వెలువడిన ఆ సర్వే ప్రకారం పదిమందిలో నలుగురికి పైగా అడ్డపొగ తాగేవారు. అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రని చుక్కలు, పుండ్లు వారిలోనే కేంద్రీకృతమై ఉన్నాయి.

అక్కడ జరిగేదేమిటి? రెండు దెబ్బలు ఒకేసారి పడుతుంటాయి. ఒకటి వేడి. ఈ అలవాటున్నవారి నోటిలోపలి గాలి వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటినట్టు కొలతలున్నాయి. కాలిన పొర కింద కొత్త కణాలు పుట్టాలి, అంటే అక్కడి కణాలు పదేపదే చీలాలి. చీలిన ప్రతిసారీ నకలు రాయడంలో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. రెండోది పొగ. పొగాకు మండినప్పుడు బెంజోపైరీన్ వంటి పదార్థాలు పుడతాయి. కణం దాన్ని వదిలించుకోవడానికి చేసే ప్రయత్నంలోనే అది మరింత ప్రమాదకరమైన రూపం దాల్చి, డి.ఎన్.ఏ.లోని గ్వానీన్ అక్షరానికి అంటుకుంటుంది. నకలు రాసేటప్పుడు ఆ అక్షరం చోట థైమీన్ పడుతుంది. 1996లో అమెరికా శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల గొట్టాల కణాలకు ఈ పదార్థాన్ని తగిలించి, పి-53 జన్యువులో అది ఎక్కడ అంటుకుంటుందో చూశారు. 157, 248, 273 స్థానాల్లో ఎక్కువగా అంటుకుంది. పొగతాగేవారి ఊపిరితిత్తుల క్యాన్సర్లలో పి-53 తరచుగా చెడేది సరిగ్గా ఆ చోట్లలోనే. దొంగతనం జరిగిన ఇంట్లో వేలిముద్రలు దొరికినట్టయింది. అంతకుముందు పొగాకుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం లెక్కల్లో కనిపించేది. ఇది ఒక అక్షరం స్థాయిలో కనిపించిన సాక్ష్యం. హెచ్.పి.వి. వైరస్ ప్రమేయం లేని తల, మెడ క్యాన్సర్లలో ఎనభై శాతానికి పైగా పి-53 చెడి ఉంటుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది.

ఇంకొక సంగతి. పి-53 చెడిన కణం ఆ క్షణమే క్యాన్సర్ కాదు. దానికి ఆపేవాడు లేడు, అంతే. అది నెమ్మదిగా చీలుతూ చుట్టుపక్కల ఒక మడిలా వ్యాపిస్తుంది. పైకి ఆ ప్రాంతం మామూలుగానే ఉండవచ్చు, లేదా తెల్లమచ్చగా కనిపించవచ్చు. ఆ మడిలోని కణాల్లో మరిన్ని జన్యువులు ఒక్కొక్కటిగా చెడటానికి ఏళ్ళు, తరచు దశాబ్దాలు పడుతుంది. ఒక పుండును కోసి తీసేసిన తర్వాత కూడా కొందరికి పక్కనే మరొకటి ఎందుకు లేస్తుందో దీనివల్ల అర్థమవుతుంది. కోసింది మొక్కను, మడి అలాగే ఉంది.

వంశం నుంచి వచ్చేది ఎప్పుడు?

పి-53లో పుట్టుకతోనే మార్పు ఉన్న కుటుంబాలు నిజంగానే ఉన్నాయి. 1969లో ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రామెని అనే వైద్యులు అలాంటి కుటుంబాలను వర్ణించారు. 1990లో దానికి కారణం పి-53 అని తెలిసింది. లీ-ఫ్రామెని సిండ్రోమ్ అనే ఈ స్థితిలో శరీరంలోని ప్రతి కణంలోనూ ఒక ప్రతి చెడి ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అయితే ఆ కుటుంబాల్లో జబ్బు తీరు వేరు. పిల్లల్లో, యువకుల్లో కండరాల, ఎముకల క్యాన్సర్లు, మెదడు కణితులు, అడ్రినల్ గ్రంథి కణితులు, చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్ వస్తాయి. ఒకే మనిషికి రెండు మూడు రకాలు రావచ్చు. ఇలాంటి చరిత్ర ఉన్న కుటుంబం తప్పకుండా జన్యు సలహాదారును కలవాలి.

ఖరిదా అమ్మాయి చెప్పినదానిలో ఆ గుర్తులేవీ లేవు. అమ్మమ్మకూ ఆవిడ అక్కకూ పెద్ద వయసులో, ఒకే చోట, చుట్ట నిప్పు తగిలే చోటనే పుండు వచ్చింది. వాళ్ళిద్దరూ పంచుకున్నది చెడిన జన్యువు కాదు, ఒకే ఇంట్లో ఒకే వయసులో నేర్చుకున్న అలవాటు. పి-53 వాళ్ళ అంగిలి కణాల్లో చెడి ఉండవచ్చు, కాని అండాశయంలో ఉన్న అండానికి ఆ మార్పు చేరదు. అంగిలి కణం నుంచి బిడ్డ పుట్టదు కదా.

"మా వంశంలో ఉంది" అన్న మాట వినడానికి వినయంగా ఉన్నా, ఇక్కడ చాలా నష్టం చేస్తుంది. రోగం రాత అయినప్పుడు ఎవరూ నోరు తెరిచి చూపించరు.

పి-53ను చెడగొట్టే దారులు ఇంకా ఉన్నాయి. వేరుశనగ, మొక్కజొన్న తడిగా నిలవచేస్తే పట్టే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది ఎక్కువగా తినే ప్రాంతాల్లో కాలేయ క్యాన్సర్ రోగులకు పి-53లో 249వ స్థానం చెడి ఉంటుందని 1991లో చైనా, దక్షిణ ఆఫ్రికా ప్రాంతాల నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ వేరుశనగలో ఈ విషాన్ని తగ్గించే పద్ధతులపై పనిచేస్తోంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కథ మరోలా ఉంటుంది. అక్కడ జన్యువు చెక్కుచెదరదు. హెచ్.పి.వి. వైరస్ తయారుచేసే ఇ-6 అనే ప్రోటీన్, తయారైన పి-53ను తయారైనట్టే నాశనం చేయిస్తుంది. దీనికి టీకా ఉంది. బాలికలకు చిన్న వయసులో వేస్తే మేలు.

పి-53 మరీ ఎక్కువగా పనిచేసినా ముప్పే. 2002లో అమెరికాలో పి-53 చురుకుదనం పెంచిన ఎలుకలకు కణితులు తక్కువగా వచ్చాయి, కాని అవి త్వరగా ముసలివయ్యాయి. ముఖం ఎముకలు సరిగా ఏర్పడని ట్రీచర్ కాలిన్స్ సిండ్రోమ్‌లో, పిండదశలో పి-53 అవసరానికి మించి కణాలను చంపడం ఒక కారణమని ఎలుకలపై ప్రయోగాల్లో తేలింది. ప్రతి వ్యాగన్‌నూ కండెమ్ చేసే టి.ఎక్స్.ఆర్. ఉంటే యార్డులో బండే మిగలదు.

చెడిన పి-53ను బాగుచేసే మందు ఉందా అని మీరు అడగవచ్చు. మంచి జన్యువును వైరస్‌లో పెట్టి కణితిలోకి ఎక్కించే మందుకు చైనా 2003లో అనుమతినిచ్చింది, అది మిగతా దేశాల్లో వ్యాపించలేదు. ఎం.డి.ఎం.-2ను అడ్డుకునే అణువులు, చెడిన ప్రోటీన్‌ను తిరిగి సరైన ఆకారానికి తెచ్చే అణువులు పరీక్షల్లో ఉన్నాయి. ఒక ఆంకోజీన్‌ను అణచడం కంటే, లేని పనిని తిరిగి కల్పించడం చాలా కష్టం.

అందువల్ల శ్రీకాకుళానికి మళ్ళీ వెళ్ళాలి. అదే టాటా సంస్థ పరిశోధకులు శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని ఏటేటా కలిసి, నోరు పరీక్షించి, మానమని విడివిడిగా చెప్పారు. ఐదేళ్ళ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మానినవారు పెరిగారు, క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. చెడిన పి-53 దానంతట అది బాగుపడదు, నిజమే. కాని కొత్త దెబ్బలు ఆగితే ఆ మడిలోని కణాలు రెండో మెట్టు, మూడో మెట్టు ఎక్కడానికి కావలసిన మార్పులు రావడం తగ్గుతుంది.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయిని మరొకటి అడిగాను. "మీ అమ్మగారు చుట్ట కాలుస్తారా?"

"ఛీ, లేదు సార్. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగింది. పొద్దున్నే గుడాకుతో పళ్ళు తోముకుంటుంది, అంతే. మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి."

గుడాకు అంటే పొగాకు పొడిని బెల్లపు పాకంతో కలిపి చేసే ముద్ద. ఒడిశాలోను, బెంగాల్‌లోను పళ్ళు తోముకోవడానికి ఎందరో స్త్రీలు వాడతారు. నిప్పు లేదు, పొగ లేదు. కాని పొగాకులోనే ఉండే నైట్రోసమైన్లు ఉన్నాయి, అవి కూడా డి.ఎన్.ఏ.కు అంటుకుంటాయి. పొగలేని పొగాకును, వక్కను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా నిర్ధారించింది. చుట్ట పోయి గుడాకు వచ్చింది, ఆ అమ్మాయి తరానికి గుట్కా, ఖైనీ పొట్లాలు వచ్చాయి. 2020 అంచనాల ప్రకారం భారతీయ పురుషుల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ పెదవి, నోటి క్యాన్సరే. ఖరిదాకు దగ్గరలోనే ఉన్న ఐ.ఐ.టి.లో, 2001లో మొదలైన వైద్య శాస్త్ర సాంకేతిక విభాగంలో, వక్క నమిలేవారికి నోరు బిగుసుకుపోయే జబ్బు మీద, నోటి క్యాన్సర్‌కు ముందు దశల మీద పరిశోధనలు జరిగాయి.

"అయితే అమ్మ నోరు ఎవరికి చూపించాలి సార్?" అని అడిగింది.

దంతవైద్యుడు చాలు. మంచి వెలుతురులో చిగుళ్ళు, బుగ్గల లోపలి భాగం, నాలుక కింద, అంగిలి చూస్తారు. రుద్దినా పోని తెల్లమచ్చ, మెత్తటి ఎర్రమచ్చ, మూడు వారాలు దాటినా మానని పుండు, నోట్లో మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోవడం, వీటిలో ఏదున్నా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీయడం వల్ల జబ్బు పాకుతుందన్న భయం అక్కర్లేదు. నొప్పి లేకపోవడాన్ని మాత్రం నమ్మకూడదు, తొలిదశలో ఇవి నొప్పి పెట్టవు.